రామగిరి గని మ్యాపులు ఎక్కడున్నాయో చెప్పండి

రామగిరి పాత బంగారు గనుల ఫైళ్లు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉంటే ఆ అధికారులకు,
అక్కడి రాళ్లను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్తలకు,
బహిరంగ లేఖ

విషయం: గని లోపలి మ్యాపులు, డ్రిల్లింగ్ కోర్లు, పరీక్షల ఫలితాలు జనానికి అందుబాటులో పెట్టడం గురించి

అయ్యా, అమ్మా, నమస్కారం.

మా నాయన పాత అనంతపురం జిల్లాలోని రామగిరి గనిలో డ్రిల్లింగ్ పని చేశాడు. 2001లో గని మూతపడేదాకా అందులోనే ఉన్నాడు. ఆయన పోయాక రెండేళ్లుగా నేను ఒక్క విషయం మీదే తిరుగుతున్నాను. గని లోపలి మ్యాపులు, డ్రిల్లింగ్‌లో బయటికి తీసిన రాతి కోర్లు (కడ్డీల్లాంటి గుండ్రటి రాతి ముక్కలు), వాటి పరీక్షల ఫలితాలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. రెండు అర్జీలు ఇచ్చాను, ముద్ర వేసిన రసీదులు తప్ప ఏమీ రాలేదు. మూడోసారి సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఒక్క వాక్యం వచ్చింది: ‘‘సదరు రికార్డులు ఈ కార్యాలయంలో లభ్యం కావు.’’ మరి ఎక్కడ లభ్యమవుతాయో రాయలేదు. సమాచారం వేరే కార్యాలయానికి చెందినదైతే దరఖాస్తును 5 రోజుల్లోగా అక్కడికి పంపాలని అదే చట్టంలో 6(3) సెక్షన్ ఉంది. పంపలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఒక గుమాస్తా మీద కోపం తీర్చుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు.

ముందు మీకు ఒక రాయి చూపించాలి.

మా ఇంట్లో దేవుడి గూటి కింద అరచేయంత పలుగురాయి ముక్క ఒకటుంది. మామూలు పలుగురాయిలా పాలతెలుపు కాదు, పొగ పట్టినట్టు బూడిదరంగు. దాని మీద వెంట్రుకంత సన్నగా నల్లటి చారలు, ఒకదాని పక్కన ఒకటి, లెక్కపెడితే పదకొండు. ఒక అంచున తుప్పు రంగులో చిన్న చిన్న చదరపు గుంటలు, ఒక్కోదానిలో ఆవగింజ పడుతుంది. బంగారం మాత్రం కంటికి కనిపించదు. చిన్నప్పుడు ‘‘ఇందులో బంగారమేది నాయనా’’ అని అడిగితే, ఆ నల్లచారల మీద గోటితో గీసి, ‘‘ఈ గీతలుంటేనే రా. ఉత్త తెల్లరాయిలో ఏముంటుంది’’ అనేవాడు.

డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాక ఆయన మాట ఎంత నిజమో అర్థమైంది. ఆ నల్లచారలు పక్కనున్న రాతి నుంచి ఊడివచ్చిన పలచటి పొరలు. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున రాయి పగులుతుంది. 250 నుంచి 400 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు ఆ పగులులోకి ఎక్కుతాయి. పగులు తెరుచుకోగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, నీళ్లలో కరిగి ఉన్న సిలికా పలుగురాయిగా పేరుకుని ఆ సందును పూడ్చేస్తుంది. కింద మళ్లీ ఒత్తిడి పెరుగుతుంది, పాత పూడిక పక్కనే మళ్లీ పగులుతుంది, మళ్లీ పూడుతుంది. మా ఇంటి రాతి మీద ఒక్కో చార అలాంటి ఒక్కో పగులుకు గుర్తు. ఆ వేడినీళ్లలో బంగారం గంధకాన్ని తోడు పట్టుకుని ప్రయాణిస్తుంది. ఇనుము ఎక్కువున్న నల్లరాయి తగిలిందంటే గంధకం బంగారాన్ని వదిలి ఇనుముతో కలిసిపోతుంది, పైరైట్ అవుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే దిగిపోతుంది. ఆ చదరపు గుంటలు ఒకప్పుడు పైరైట్ గింజలు కూర్చున్న చోట్లు. గాలికి, వానకు పైరైట్ కరిగిపోయింది, తుప్పు మిగిలింది.

రామగిరి రాళ్లు ధార్వార్ కాలానివి, వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. పాత అగ్నిపర్వతాల లావా నలిగి, మడతపడి, పచ్చటి, నల్లటి పొరల రాయిగా మారిన సన్నని పట్టీ అది. దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. చుట్టూ గ్రానైటు. కర్ణాటకలో బంగారు గనులున్న కోలారు, హట్టి కూడా ఇలాంటి పట్టీలే, కాకపోతే అవి పెద్దవి. కోలారులో మనుషులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. రామగిరిది చిన్న కథ. పాతకాలం వాళ్లు తవ్విన గుంతలు ముందునుంచే ఉన్నాయి. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ కంపెనీలు వచ్చి షాఫ్టులు (గనిలోకి దిగే నిలువు బావులు) దించాయి, 1920లు గడిచేలోపే ఆపేశాయి. స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్లకు ప్రభుత్వరంగ సంస్థ మళ్లీ తెరిచింది. 2001లో మూసేసింది.

చిన్న గని అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పగుళ్లను పూడ్చిన పలుగురాయి పట్టీని సిర అంటారు, అది గోడలా ఒకే మందంతో పోదు. పూసల దండలా ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట సన్నబడుతుంది, ఒకచోట తెగిపోతుంది. ఇవాళ మీటరు మందం ఉన్నది రేపు మందుగుండు పేల్చాక బెత్తెడే కనిపించవచ్చు. గనిలో సిరనే రీఫు అనేవాళ్లు. ‘‘రీఫు పారిపోయింది’’ అని నాయన ఇంటికొచ్చి చెప్పిన రోజులు నాకు గుర్తు. పారిపోయిన రీఫును వెతుక్కుంటూ మనుషులు పక్కకీ, కిందకీ తవ్వుకుంటూ పోయారు. సిర ఎటు తిరిగితే సొరంగం అటు తిరిగింది. అందుకే నేను పదేపదే మ్యాపులు అడుగుతున్నాను. సిర మ్యాపు ఉంటే నేల కింద ఎక్కడ గుల్లగా ఉందో తెలుస్తుంది. నీళ్లు ఎటునుంచి ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. డంపుల్లో, అంటే బంగారం తీశాక మిగిలిన రాతిపిండి గుట్టల్లో, ఏ ఖనిజాలున్నాయో తెలుస్తుంది. అది మా దగ్గర లేకపోవడం వల్ల మామూలు జనానికి ఏమవుతోందో రాస్తున్నాను.

1. కాళ్ల కింద నేల. మా వైపు బోరు వేయని రైతు లేడు. ఒక పాయింటులో నీళ్లు పడకపోతే పక్క పాయింటు చూస్తాడు, అప్పు చేసైనా. ఆ పాయింటు కింద పాత స్టోపు (రాయి తవ్వేయగా మిగిలిన గుల్ల) ఉందో లేదో చెప్పే కాగితం ఏ పంచాయతీలోనూ లేదు. ఇల్లు కట్టుకునేవాడికీ అంతే, కొండల మీద గాలిమరలు నిలబెట్టేవాడికీ అంతే. పాత పనుల మ్యాపు సరిగా లేకపోతే ఏమవుతుందో లోకం చాలాసార్లు చూసింది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా బొగ్గు గనిలోకి పాత పనుల్లో నిలిచిన నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. 2002 జులైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలోనూ ఇలాగే జరిగింది. పక్కనున్న పాత గనిని చివరిసారి ఎక్కడిదాకా తవ్వారో చూపించే మ్యాపు వాళ్ల చేతిలో లేదు. 9 మంది లోపల చిక్కుకుని మూడు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు. ఆ చివరి మ్యాపు తర్వాత ఒక మ్యూజియంలో దొరికింది. ఉన్న కాగితమే, చేరాల్సిన చోటికి చేరలేదు. ఈ ఉదంతం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రామగిరి చివరి మ్యాపు కూడా ఏ గోదాములోనో చెదలకు ఆహారమవుతోందేమో అన్న టెన్షన్ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

2. తాగే నీళ్లు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఇలాంటి సిరల్లో పైరైట్‌తో పాటు ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం ఉండటం మామూలే. దాని బరువులో దాదాపు 46 శాతం ఆర్సెనిక్. రాయి నేల లోపల మూసుకుని ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. గని తవ్వి గాలి తగలనిచ్చాక, పంపులు ఆపేసి నీళ్లు నిండనిచ్చాక కథ మారుతుంది. గంధకపు ఖనిజాలు నీటితో, గాలితో కలిస్తే ఆమ్లం పుడుతుంది, లోహాలు కరుగుతాయి. సిర పక్క రాతిలో కాల్సైట్ లాంటి కార్బొనేట్లు తగినంత ఉంటే ఆ ఆమ్లాన్ని విరిచేస్తాయి. అయితే ఆమ్లం విరిగినంత మాత్రాన ఆర్సెనిక్ పోయిందని అనుకోవడానికి లేదు. ఆమ్లం లేని నీళ్లలో కూడా అది కరిగి ఉండగలదు. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు. ఏళ్ల తరబడి తాగితే చర్మం మీద మచ్చలుగా, అరచేతుల్లో గట్టి బొడిపెలుగా, చివరికి క్యాన్సర్‌గా బయటపడుతుంది. మా బోర్లలో ఆర్సెనిక్ ఉందని నేను అనడం లేదు. లేదని మీరూ ఇంతవరకు మాతో అనలేదు. రామగిరి సిరల్లో ఏ ఖనిజం ఏ మోతాదులో ఉందో, పక్కరాతిలో కార్బొనేటు ఎంత ఉందో గనిలో పనిచేసిన జియాలజిస్టులు రాసే ఉంటారు. ఆ రాత చూస్తే ఏ బోరు నీళ్లను ముందు పరీక్షించాలో, ఏ మూలకాల కోసం చూడాలో ఒక్క పూటలో తేలుతుంది. మాకు ఫ్లోరైడ్ పరీక్షలు తెలుసు, అనంతపురం వాళ్లకు అది పాత బాధ. ఆర్సెనిక్ పరీక్ష చేయమని అడిగితే, ‘‘ఇక్కడెందుకు?’’ అని ఎదురు ప్రశ్న వేశారు. ఎందుకో చెప్పే కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి.

3. డంపులు. టన్ను రాతిలో 5 గ్రాముల బంగారం ఉందనుకుంటే, 10 గ్రాముల కోసం 2 టన్నుల రాయిని పిండి చేయాలి. ఆ పిండి మొత్తం డంపుగా మిగిలిపోతుంది. పాతకాలపు మిల్లుల్లో బంగారాన్ని పాదరసంతో పట్టేవాళ్లు, 1887 తర్వాత ప్రపంచమంతా సైనైడ్ పద్ధతికి మారింది. సైనైడ్ ఎండకు, గాలికి చాలావరకు విరిగిపోతుంది. పాదరసం, ఆర్సెనిక్ అలా పోవు. డంపు పొడి చూడటానికి సన్న ఇసుకలాగే ఉంటుంది. ఇంటి పునాదిలోకి నాలుగు ట్రాక్టర్లు తోలుకుందామని ఎవరికైనా అనిపిస్తే వద్దని చెప్పడానికి ఆధారం కావాలి. గాలి తోలే రోజుల్లో మాయమ్మ ఆరేసిన బట్టల మీద పేరుకునే దుమ్మును నేను చేత్తో దులిపాను. అది పొలం దుమ్మో డంపు దుమ్మో కంటితో ఎవరు చెప్పగలరు? పరీక్ష చేసి చెప్పగలిగింది మీరే.

4. ఆశ పెట్టి దండుకునేవాళ్లు. బంగారం ధర పెరిగినప్పుడల్లా రామగిరి గని మళ్లీ తెరుస్తారన్న మాట లేస్తుంది. వెనకే బ్రోకర్లు వస్తారు. ఒక రాతిముక్క చూపించి, ఒక ల్యాబు కాగితం చూపించి, భూమి అమ్మమని ఒకడు, వాటా కొనమని ఇంకొకడు. పలుగురాయి బంగారంలో ఉన్న చిక్కు చదవనివాళ్లకు తెలియదు. బంగారం సిరంతా సమంగా పరుచుకోదు, గింజలు గింజలుగా అక్కడక్కడా ఉంటుంది. ఒక పిడికెడు రాతిలో బోలెడు పడవచ్చు, పక్క పిడికెడులో సున్నా. ఒక్క నమూనా చూపించి ఎవరినైనా నమ్మించవచ్చు, అబద్ధం చెప్పక్కర్లేకుండానే. కావాలని అబద్ధం చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో మహా బంగారు గని దొరికిందని బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ లోకాన్ని నమ్మించింది. నమూనాల్లో బయటి బంగారం కలిపారని 1997లో బయటపడింది. మామూలుగా కోరును నిలువునా కోసి సగం పరీక్షకు పంపి, సగం దాచిపెడతారు. అక్కడ మొత్తం కోరును పొడి చేసేశారు, సరిచూసుకోవడానికి రాయి మిగల్లేదు. రామగిరిలో మా నాయనలాంటివాళ్లు కండలు కరిగించి తీసిన కోర్లు భద్రంగా ఉంటే ఏ కంపెనీ మాటనైనా వాటి పక్కన పెట్టి చూసుకోవచ్చు. గని తెరవాలా వద్దా అన్న దాని మీద మా ఊళ్లో రెండు అభిప్రాయాలున్నాయి. మా నాయన తెరవాలనేవాడు. నాకు ఇంకా ఎటూ తేలలేదు. ఏదైనా సరే, గ్రామసభలో చేయి ఎత్తేముందు మా ముందు లెక్క ఉండాలి.

5. పిల్లల చదువు. పక్కనే ఇంత గని పెట్టుకుని, మా పిల్లలు పలుగురాయి సిర బొమ్మను పుస్తకంలో చూసి బట్టీ పడుతున్నారు. ఇంతకంటే రాయను.

ఇంకొక మాట, ఇది ఎవరి తప్పూ కాదు గానీ దీని ఫలితం మా మీద పడింది. గని మూతపడింది 2001లో. గనులకు మూసివేత ప్రణాళిక తప్పనిసరి చేస్తూ నిబంధనలు సవరించింది 2003లో. రెండేళ్ల తేడాతో రామగిరి ఆ నిబంధన చేతికి చిక్కకుండా జారిపోయింది. 2015లో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి, గని యజమానులు రాయల్టీతో పాటు ఆ నిధికి వాటా కట్టాలి. ఆగిపోయిన గని నుంచి రాయల్టీ రాదు, నిధికి వాటా రాదు. నిధి ఖర్చులో తాగునీటికి, పర్యావరణానికి ముందు వరస ఇవ్వాలని మార్గదర్శకాల్లో ఉన్నా, ‘‘మీ దగ్గర గని నడవడం లేదు కదా’’ అన్న మాటతో మా అర్జీ పక్కకు పోతుంది. మాకు వచ్చే చిక్కంతా గని నడవకపోవడం వల్లనే అని ఎవరికి చెప్పుకోవాలి?

అందుకని మేము అడుగుతున్నవి ఇవి.

1. రామగిరి గనుల లోపలి మ్యాపులు, నిలువు కోతల చిత్రాలు, మూసేనాటి చివరి సర్వే ఏ కార్యాలయంలో ఉన్నాయో 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. కొన్ని పోయి ఉంటే పోయాయనే రాయండి. పోయిందని తెలిస్తే కొత్త సర్వే అడుగుతాం. బ్రిటిష్ కంపెనీల నాటి పనులు, పాతకాలపు గుంతలు కూడా అందులో చేరాలి.

2. ఆ మ్యాపులను గ్రామాల హద్దుల మీద, సర్వే నంబర్ల మీద పరిచి, గుల్ల ఉన్న చోట్లను ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో పెట్టండి. ప్రతి షాఫ్టు నోటి దగ్గరికి ఒక మనిషిని పంపి, కంచె ఉందా, మూత గట్టిగా ఉందా చూసి, తేదీ వేసి నివేదిక ఇవ్వండి.

3. గని చుట్టుపక్కల తాగునీటి బోర్లలో ఆర్సెనిక్, పాదరసం, సీసం, ఆమ్లం స్థాయి పరీక్షించండి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఫలితాలు బోరు నంబరుతో సహా ప్రకటించండి. ఖర్చు జిల్లా ఖనిజ నిధి నుంచి పెట్టండి.

4. డంపుల పొడిని పైపైన ఒక గిన్నెడు తీసుకుని సరిపెట్టకండి. పైన కొన్నేళ్లుగా వాన కడిగేసి ఉంటుంది, అసలు సంగతి లోపల ఉంటుంది. వేర్వేరు లోతుల్లో తీయండి. ఫలితం తేలేదాకా ఆ పొడి ఎవరూ తోలుకుపోకుండా బోర్డు పెట్టండి.

5. కోర్లు ఎక్కడున్నాయో లెక్క తీసి, డబ్బాల మీద నంబర్లు చెరిగిపోకముందే ఒకచోట చేర్చండి. భూవిజ్ఞాన సమాచారమంతా ఒకేచోట దొరికేలా 2023 డిసెంబర్‌లో కేంద్రం జాతీయ పోర్టల్ తెరిచింది. రామగిరి నివేదికలన్నీ అందులోకి ఎక్కించండి. కొత్తగా ఎవరికి లైసెన్సు ఇచ్చినా, వేలం పెట్టినా, ఇది పూర్తయ్యాకే ఆ పని చేయండి.

6. సిర పైకి కనిపించే ఒక్క చోటునైనా, పాతకాలపు గుంత ఒకటైనా కాపాడండి. తిరుమల కొండ రాళ్లకు, మంగంపేట ముగ్గురాయికి, విశాఖ ఎర్రమట్టి దిబ్బలకు జాతీయ భూవారసత్వ గుర్తింపు వచ్చిన రాష్ట్రం మనది. రామగిరికి ఒక కంచె, ఒక తెలుగు బోర్డు చాలు.

భూగర్భ శాస్త్రవేత్తలకు విడిగా ఒక విన్నపం. మీలో చాలామంది రామగిరి వచ్చారు. మా ఊళ్లో భోంచేశారు, మా మనుషులనే దారి చూపించమన్నారు, సుత్తితో రాళ్లు కొట్టి సంచుల్లో పట్టుకెళ్లారు, వాటి మీద వ్యాసాలు రాశారు. అందుకు మాకు గర్వమే. ఆ రాళ్ల వయసెంతో లోకమంతా చదివింది. వాటి నీడన ఉన్న బావి నీళ్లు తాగొచ్చో లేదో మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీ నోటు పుస్తకాల్లో, మీ డిపార్టుమెంటు అటకల మీద రామగిరి మ్యాపు నకలు ఏదైనా ఉంటే, కార్బన్ కాపీ అయినా సరే, పంచాయతీకి పంపండి. గనిలో పనిచేసిన పెద్దలు ఇంకా కొందరు మిగిలున్నారు. ఏ లెవెల్లో నీళ్లు ఊరేవో, ఏ మూలన కప్పు రాలిపడేదో, రీఫు ఎక్కడ తెగిపోయిందో వాళ్లకు ఇప్పటికీ నోటికి వచ్చు. మ్యాపు ముందు పరిస్తే వేలు పెట్టి చూపిస్తారు. వాళ్ల వయసు డెబ్బై దాటింది.

ఈ లేఖ ప్రతిని, పాత అర్జీల రసీదులను, ఆర్టీఐ జవాబును మళ్లీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అప్పీలు గడువు లోపలే వేస్తాను. మీలో ఎవరు వచ్చినా నాయన దాచిన ఆ రాయి ఇస్తాను, కోసి పరీక్ష చేయించుకోవచ్చు. సగం మాత్రం మాకు తిరిగి ఇవ్వండి.

ఇట్లు,
రామగిరి గని కార్మికుడి కొడుకు